తూట్ల రాయి, నున్న బండ, నేనివ్వని మాఫీ కాగితం

ఆ రోజుల్లో మా మెదక్‌లో ఆడపిల్ల ‘కాదు’ అనే మాటను రెండే సందర్భాల్లో అనొచ్చు. కూరగాయలామె ధర చెప్పినప్పుడు ఒకసారి, పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించబోతే ఒకసారి. నేను మూడోచోట అన్నాను. తొమ్మిదో తరగతిలో, సైన్సు పీరియడ్‌లో, నిండు క్లాసులో, రెండు రాళ్ళ విషయంలో అన్నాను. ఆ ‘కాదు’ నన్ను ఎంత దూరం తరిమిందంటే, ఆరేళ్ళ తర్వాత నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా చాయ్ తాగుతూ “రాళ్ళ కాడ సారుతోని కొట్లాడింది గీ పిల్లేనా?” అని అడిగారు. (చేసుకున్నాయన ఆ సంగతి విని కూడా చేసుకున్నాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు దాన్ని తలుచుకుని నిట్టూరుస్తుంటాడు. నిట్టూర్చనీయండి, నాకేం!)

మా అబ్బాజాన్ ఇళ్ళల్లో బండలు పరిచే మేస్త్రీ. ఊళ్ళో పెద్దపెద్ద ఇళ్ళకు షాబాదు బండలు పరిచి, మిగిలిన ముక్కలు తెచ్చి మా వంటింట్లో పరిచాడు. అందుకే మా వంటింటి నేల ఒక రంగు కాదు. ఒకచోట బూడిద రంగు, ఒకచోట పచ్చన, పొయ్యి ముందు మాత్రం నల్లగా నిగనిగలాడే ఒక పెద్ద ముక్క. ఆ నల్లముక్క మా దాదీకి, అంటే నాయనమ్మకు, ప్రాణం. దాని మీద చింతపండు పులుసు చుక్క పడిందా, ఇల్లు అదిరిపోయేది. ఎందుకంటే పులుసు పడ్డచోట మెరుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది, ఇక అది ఎంత తోమినా పోదు. ఆ ముక్క మీద మూడు మచ్చలుండేవి. రెండు అమ్మీవి, ఒకటి నాది. ఎవరి మచ్చ ఏదో దాదీకి బాగా గుర్తు, వచ్చిన చుట్టాలకు చూపించేది కూడా. దానికి పక్కనే దాదీ సన్నికల్లు. అల్లాదుర్గ్ అవతల ఉన్న తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నల్లదే, కానీ నున్నగా ఉండదు, ఒళ్ళంతా సన్నటి తూట్లు. దాని మీద రోజూ చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ ఏవేవో నూరేవారు, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. అంటే ఒక నల్లరాయి పులుపు తగిలితే చస్తుంది, ఇంకో నల్లరాయి పులుపునే తిని బతుకుతుంది. ఈ సంగతి నాకు అక్షరాలు రాకముందే తెలుసు. ఇక అబ్బాజాన్ దగ్గర తెలిసింది ఇంకొకటి. ఆయన బండ అంచున ఉలి పెట్టి రెండు దెబ్బలు వేస్తే, అది పుస్తకం తెరిచినట్టు పొరలు పొరలుగా విడిపోయేది. సన్నికల్లు రాయి అలా కాదు, ఎటు కొడితే అటు పగులుతుంది. “గిది పొరలున్న రాయి, గది పొరల్లేని రాయి. దీని తరీకా వేరే, దాని తరీకా వేరే,” అనేవాడు.

మా గల్లీ పక్క ఉర్దూ బడి ఏడో తరగతితో ఆగిపోయేది. పైచదువుకు పెద్ద బడికి, మగపిల్లల మధ్య, తెలుగు మీడియానికి వెళ్ళాలి. అందుకు దాదీ ఒక షరతు మీద ఒప్పుకుంది. “బడి నుంచి ఒక్క ఫిర్యాదు ఇంటికొస్తే బడి బందు. మిషను ముందర కూసొని కుర్తాల గల్లాలు కుట్టుడే.” (ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. మీకోసం మా ఊరి తెలుగులోకి మార్చి రాస్తున్నాను. దాదీ తిట్లు మాత్రం ఏ భాషలోకీ మారవు, అవి వదిలేస్తున్నాను.) నాకు కుట్టుమిషను శబ్దమంటేనే ఒళ్ళు మంట. కాబట్టి ఏడాదిన్నర పాటు నా అంత బుద్ధిమంతురాలు బడిలో లేదంటే నమ్మండి.

మా సైన్సు సారును పిల్లలందరూ గంధకం సారు అనేవారు. అగ్గిపుల్ల గీస్తే మండినట్టు ఆయనకు ఊరికే కోపం మండేది. రోజూ చేగుంట నుంచి బస్సులో వచ్చేవారు, బస్సు లేటైతే ఆ కోపం కూడా మామీదే. కానీ పాఠం చెబితే చెవులు కోసుకునేవాళ్ళం, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన ఎన్ని అర్జీలు పెట్టారో ఏమో, ఒకరోజు హైదరాబాదు నుంచి బడికి చెక్కపెట్టె వచ్చింది. లోపల గళ్ళు గళ్ళుగా రకరకాల రాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. సారు ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసి, మాకు రాళ్ళ పాఠం వచ్చేదాకా తీయలేదు. తీసేసరికి ఏముంది! మైదా జిగురుతో అంటించిన చీటీలాయె, బొద్దింకలు పండగ చేసుకున్నాయి. జిగురు తినేసి చీటీలు వదిలేశాయి. మా చప్రాసీ వాటిని ఊడ్చి కవర్లో పోసి ఇచ్చాడు. సారు ఆ సాయంత్రం బస్సు కూడా వదులుకుని, కూర్చుని, ఏ చీటీ ఏ రాయిదో ఆలోచించి ఆలోచించి మళ్ళీ అంటించారు. అంత కష్టపడి అంటించిన చీటీలవి, ఆ బాధ నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

మర్నాడు పాఠం. సారు ఒక చేతిలో నున్నటి నల్ల బండముక్క, ఇంకో చేతిలో తూట్ల రాయి పట్టుకుని నిలబడ్డారు. “చూడుండ్రి. భూమి కడుపుల నుంచి నిప్పులెక్క పారి, గడ్డకట్టిన రాయి అగ్నిశిల. నీళ్ళ అడుగున మట్టి, ఇసుక, సున్నం పొరలు పొరలు పేరుకొని గట్టిపడ్డ రాయి అవక్షేప శిల. ఇగ గీ రెండిట్ల ఏది ఏంది? నిప్పుల కాలితే ఏమైతది? నల్లగైతది. కరిగి పారితే ఏమైతది? నున్నగైతది. అంటే గీ నల్ల నున్న బండ అగ్నిశిల! ఇగ దీనికి తూట్లెవలు పొడిచిండ్రు? నీళ్ళు తొలిచినయి. అంటే గిది నీళ్ళల్ల పుట్టిన అవక్షేప శిల!” క్లాసంతా తలూపింది. ఆ తర్కం ఎంత ముద్దుగా ఉందంటే, నేను మేస్త్రీ కూతుర్ని కాకపోతే నేనూ ఊపేదాన్ని. కానీ ఆయన చేతిలో ఉన్నది మా పొయ్యి ముందరి బండ! దానికి నేను పెట్టిన మచ్చకు తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి నాకు! నా కాళ్ళు వాటంతట అవే లేచాయి, నోరు దానంతటదే తెరుచుకుంది.

“కాదు సార్,” అన్నాను.

సారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. “ఏం కాదు?”

“ఉల్టా అయింది సార్. నున్న బండ పొరల రాయి. మా వంటింట్ల పరిచినం. చింతపండు పడితే మచ్చ పడ్తది. ఉలితోని కొడితే పొరలు లేస్తది. తూట్ల రాయే నిప్పు రాయి అయ్యుండాలె. అది మా దాదీ సన్నికల్లు రాయి సార్.”

‘సన్నికల్లు’ అనగానే వెనక బెంచీ నుంచి మొదలై క్లాసంతా నవ్వు. (ఆ రోజు నుంచి బడి వదిలేదాకా నా పేరు సన్నికల్లే. మొన్న పెళ్ళిలో కలిసిన ముసలి క్లాస్‌మేటు ఒకడు నా అసలు పేరు ఎంతకీ గుర్తు రాక, చివరికి ఆ పేరుతోనే పిలిచాడు.) ఆ నవ్వు నామీద అయినా, సారుకు అది తనమీద అనిపించింది. “సైన్స్ క్లాసులకు వంటిల్లు తెచ్చినవా? పుస్తకాలు రాసినోళ్ళకన్న నీ సన్నికల్లు పెద్దదా? బయటికి నడువు! ‘నేను తప్పు మాట్లాడినాను, నల్ల నున్న బండయే అగ్నిశిల’ అని మాఫీ కాగితం, మీ నాయన దస్తకత్ తోని తెచ్చినప్పుడే లోపటికి అడుగు పెట్టు!”

నేను బయటికి వెళ్ళాను. కాగితం మాత్రం రాయలేదు. మాఫీ అడగడానికి నాకు అభ్యంతరం లేదు, ఇంట్లో రోజుకు పదిసార్లు అడిగేదాన్ని. కానీ ఆ రెండో వాక్యం? నల్లబండ అగ్నిశిల అని నా చేత్తో ఎట్లా రాయను? దాని మచ్చకు నేను తిన్న తిట్లన్నీ ఏమైపోవాలి? రాయనంటే రాయను అనుకుని వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. మర్నాడూ నిలబడ్డాను. మూడోనాడూ నిలబడ్డాను. ఆ సాయంత్రం బడి చప్రాసీ మా గల్లీలో వెళుతూ వెళుతూ దాదీతో, “మీ మనుమరాలు మూడు రోజుల సంది వరండల నిలబడ్తుందమ్మా, పాపం కాళ్ళు గుంజుతలేవా?” అని నామీద జాలిపడి పోయాడు. ఆ జాలి నా కొంప ముంచింది.

ఇంట్లో దర్బారు పెట్టారు. దాదీ మంచం మీద, అబ్బాజాన్ గోడకు ఆనుకుని, నేను మధ్యలో. రాళ్ళ మీద మాటామాటా వచ్చిందని, సారు మాఫీ కాగితం రాసి తెమ్మన్నారని మాత్రం చెప్పాను. “చెప్పిన గదా, ఒక్క ఫిర్యాదొస్తే బందు అని. అయిపాయె. రేపటి సంది మిషను మీద కూసో,” అంది దాదీ. అబ్బాజాన్ మెల్లగా, “రాసియ్యి బేటా. కాగితమే గదా. నువ్వు రాస్తే రాయి మారిపోతదా? నేను చూడు, పోయినేడు ఒక సాబు ఇంట్ల బండల వాటం ఉల్టా పెట్టమన్నడు. నీళ్ళు లోపటికొస్తయి సాబ్ అంటే ఇనలే. అచ్ఛా సాబ్ అన్న, పెట్టిన, అచ్చిన. ఏం పోయింది?” అన్నాడు. నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. “ఆ ఇంట్ల ఇప్పటికీ వాన పడ్డప్పుడు నీళ్ళు పడకగదిలకే వస్తున్నయి గదా అబ్బాజాన్? ఆ ఇల్లు ఎవలు పరిచిండ్రంటే నీ పేరే చెప్తుండ్రు గదా?” అన్నాను. తండ్రిని అలా అనకూడదు. ఆయన చేతులకు అంటిన సున్నం గోక్కుంటూ కూర్చున్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకైతే ఎన్ని మాఫీ కాగితాలైనా రాసిచ్చేదాన్ని.

అప్పుడు దాదీకి ఒక సందేహం వచ్చింది. ఇంత గొడవలో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. “ఇంతకు ఏమన్నవే సారును?” చెప్పాను. నున్నబండ నిప్పులో పుట్టిందట, నీ సన్నికల్లేమో నీళ్ళ అడుగున బురద గడ్డకట్టి పుట్టిందట అని చెప్పాను. దాదీ మంచం దిగింది. “నా సన్నికల్లు బురదనా? మా పుట్టింటి గోడలన్నీ గదే రాయి! నలభై ఏండ్ల సంది పులుపు నూరుతున్న, ఒక్క మచ్చ చూపియ్యమను! ఏదీ ఆ సారు?” చూశారా, నా చదువు పోతుంటే రాని రోషం సన్నికల్లును అంటే వచ్చింది. ఏదైతేనేం, వచ్చింది.

మర్నాడు పొద్దున మా ఊరేగింపు చూసి తీరాల్సింది. ముందు దాదీ బురఖాలో, సంచిలో సన్నికల్లు పొత్రం. వెనకాల నేను, నెత్తిమీద వంటింట్లో పరచగా మిగిలిన నల్లబండ ముక్క, చేతిలో చింతపండు పులుసు చెంబు. ఆ వెనక అబ్బాజాన్, “అమ్మా, గా పొత్రమన్న నాకియ్యి, బరువుంటది,” అని బతిమాలుకుంటూ. దుకాణాలవాళ్ళు తక్కెళ్ళు ఆపి చూశారు. “ఎక్కడికమ్మా, వంట పనికా?” అని ఒకాయన అడిగితే, “సైన్సుకు!” అని దాదీ ఆగకుండా చెప్పింది.

గంధకం సారు మమ్మల్ని చూసి కుర్చీ తెప్పించారు. దాదీ వద్దని వరండాలో చతికిలబడి బండ, పొత్రం పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా పులుసు పోసింది. “సార్, జర సబర్ చెయ్యుండ్రి. ఆరినంక చూద్దురుగాని. మీ పాఠం మీరు నడిపియ్యుండ్రి, మేం గీడనే కూసుంటం.” పాఠం ఎలా నడుస్తుంది? పిల్లలందరి మెడలూ కిటికీ వైపే. సారు పాదరసం గురించి చెబుతుంటే దాదీ బయట నుంచి “అవునవును, గది విషం, ముట్టొద్దు” అని వత్తాసు పలికింది. అరగంట తర్వాత కడిగి తుడిచి చూపించింది. పొత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. బండ మీద అరచేతంత తెల్లమచ్చ. క్లాసంతా ‘ఓ’ అంది.

సారు ఒప్పుకోలేదు. “చింతపండు పులుసు ప్రయోగం కాదమ్మా. పుస్తకంల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని ఉన్నది.”

నాలుగు రోజులుగా నిలబడ్డ కాళ్ళకు మొండితనం తప్ప ఏం మిగులుతుంది? “మరి గదే పోయుండ్రి సార్, సీసా మీ బీరువాలనే ఉన్నది గదా,” అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకు ఇంకొకరైతే ఇంటికి పరిగెత్తేవాళ్ళు. నేను పోలేదు. ఆయన బీరువా తెరిచి, పెట్టెలోని అసలు ముక్కలు రెండూ తెచ్చి, తూట్ల రాయి మీద ఒక చుక్క వేశారు. ఊరికే తడిసింది. నున్న నల్లబండ మీద ఒక చుక్క వేశారు. బుస్సుమని నురగ లేచింది. సున్నం ఉన్న రాయి ఆమ్లానికి పొంగుతుందని ఆయనే పది రోజుల ముందు చెప్పారు మాకు. దాదీ తొంగిచూసి, “మా పుల్లనీళ్ళు గరీబువి, మీ పుల్లనీళ్ళు అమీరువి. గంతే ఫరఖు,” అంది.

సారు నీళ్ళు చల్లి, చీటీలు రెండూ నానబెట్టి ఊడదీసి, ఇటుది అటు, అటుది ఇటు తన చేతులతోనే అంటించారు. క్లాసు ముందరే అంటించారు. అంత నిజాయితీ ఉన్న మనిషి, ఇక నన్ను లోపలికి రమ్మంటారని నేను పుస్తకాలు సర్దుకుంటున్నాను. “రాళ్ళ ముచ్చట అయిపోయింది,” అన్నారాయన, చేతులు తుడుచుకుంటూ. “కాని నిండు క్లాసుల సారుకు ఎదురు చెప్పింది. ఆ మాఫీ కాగితం మాత్రం రావాలె. రాళ్ళ పేర్లు రాయకున్న సరే.”

దాదీ ఏమందనుకున్నారు? “గది మాత్రం నిజం సార్! పెద్దలకు ఎదురు మాట్లాడుడు ఏంది? రాసియ్యవే!” అంది. తన సన్నికల్లు పరువు దక్కింది, ఇక నేను ఏ గంగలో కలిస్తే ఏం! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పానని తేలాక కూడా మాఫీ ఎందుకు? తప్పుచెప్తే మాఫీ, ఒప్పు చెప్తే మాఫీ, మరి నోరెందుకిచ్చాడు దేవుడు? రాయకపోతే మిషను, రాస్తే బడి. రెండూ అక్కడే, ఆ వరండాలోనే తేలిపోవాలి.

“మా పిల్ల రాయది సార్.”

అది అబ్బాజాన్ గొంతు. స్తంభం పక్కన నిలబడి, రుమాలు చేతిలో నలిపేస్తున్నాడు. ఊళ్ళో ఎవరేం చెప్పినా ‘అచ్ఛా సాబ్’ తప్ప ఇంకో మాట రాని మనిషి. “తప్పు చెప్పుంటే నేనే చెవి పట్టుకొని రాపిద్దును. నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు మాఫీ ఏంది సార్? రాయది.”

“రాయకుంటె క్లాసులకు రాదు మేస్త్రీ,” అన్నారు సారు.

“రాకుంటె రాకపాయె. వరండ సర్కారుదే గదా సార్. గీడనే కూసుంటది, కిటికీల నుంచి ఇంటది.”

సారు సుద్దముక్క తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. దాదీ దారి పొడుగునా “ఇంటికి పోయినంక చెప్త మీ ఇద్దరి సంగతి” అంటూనే ఉంది. ఇంటికి వెళ్ళాక చెప్పలేదు. మర్నాడు పొద్దున నేను పుస్తకాలు పట్టుకుంటే, కూర్చోవడానికి ఒక పాత బొంత చుట్టి చేతిలో పెట్టింది. వరండా చల్లగా ఉంటుందట.

ఆ ఏడాది మిగతా సైన్సు పాఠాలన్నీ నేను వరండాలో కూర్చునే విన్నాను. సారు నా పేరు కొట్టేయలేదు. రోజూ హాజరు పిలిచేవారు, నేను కిటికీ నుంచి “హాజర్ సార్!” అని అరిచేదాన్ని, ఆయన తలెత్తకుండా గీత పెట్టుకునేవారు. వారం తిరగకుండా నల్లబల్లను కిటికీకి ఎదురుగా జరిపించారు (వెలుతురు కోసమట!). గొంతు మునుపటికంటే పెద్దదైంది. పక్క క్లాసు సార్లు ‘ఏంది సార్, గంత ఒర్లుతున్నరు’ అని గొడవపడ్డా తగ్గలేదు. వాన జల్లు కొడితే కిటికీ తలుపు ఒకటి తనే వచ్చి నావైపు మూసి, ఇంకోటి తెరిచి ఉంచేవారు. ఒక్కమాట మాట్లాడేవారు కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఆయన మెట్టు ఆయన దిగలేదు, నా మెట్టు నేను దిగలేదు, సైన్సు మాత్రం నాకు మొత్తం వచ్చేసింది.

పరీక్షల ముందు చివరి పాఠం రోజు. హాజరు అయ్యాక సారు పుస్తకం మూసి, గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. “లోపటికి రా బిడ్డా,” అన్నారు. నేను లేచి నిలబడి, “కాగితం సార్?” అన్నాను. “కాగితం లేదు, ఏం లేదు. రా.” ఆ ‘బిడ్డా’కు నా గుండె నీరైపోయింది, ఆ సంగతి ఇవాళ చెబుతున్నాను. అప్పుడు మాత్రం ఏమన్నానో తెలుసా? గడ్డం పైకెత్తి, “వద్దు సార్. గీడ గాలి మంచిగొస్తుంది,” అన్నాను.

క్లాసు గొల్లుమంది. సారు నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీ తెప్పించుకుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని, సగం లోపలికి, సగం బయటికి కూర్చుని ఆ చివరి పాఠం చెప్పారు. సెలవుల్లోనే ఆయనకు బదిలీ అయింది. మళ్ళీ చూడలేదు.

ఆ గుమ్మానికీ నేను కూర్చున్న చోటికీ మధ్య ఆరడుగులుంటాయేమో. పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు, చిన్నదాన్ని నేను ఒక్కడుగు వేయలేకపోయాను. ఇన్నేళ్ళొచ్చాక, మోకాళ్ళు పట్టేసి ఏ వరండాలోనూ కింద కూర్చోలేని ఈ వయసులో, అప్పుడప్పుడు ఆ బొంత మీది పిల్ల దగ్గరికి వెళ్ళి చెవి మెలిపెట్టి, ‘గెలిచినవు గదనే, ఇగ పోవే లోపటికి, సారు పిలుస్తుండు’ అని వీపు మీద చెయ్యేసి తోస్తుంటాను. పోదు. ఎంత తోసినా పోదు. గాలి మంచిగొస్తుందంటుంది.